పుట్టను కట్టిందెవరు?

సంకల్పవాది: ముందు కొన్ని వాదాలను నేనే పక్కన పెట్టేస్తాను. భూమి పుట్టి ఆరువేల ఏళ్ళే అయిందని నేననను. 450 కోట్ల ఏళ్ళ లెక్కనే ఒప్పుకుంటాను. మనిషికీ చింపాంజీకీ పూర్వీకులు ఒకరేనంటే నాకు కోపం రాదు. మత్స్యం, కూర్మం, వరాహం వరసగా ఉన్నాయి కాబట్టి డార్విన్ కన్నా ముందే మనవాళ్ళు పరిణామం చెప్పేశారనే మాటా నాకొద్దు. అవతారాలు ఒకదానికొకటి సంతానం కావు. ఆ పోలికతో పురాణానికీ మేలు లేదు, శాస్త్రానికీ మేలు లేదు. నాది ఒక్కటే ప్రశ్న. ఒక్క జీవకణం లోపల ఊహకందనంత పొందిక ఉంది. గురి లేకుండా మార్పులు జరగడం, వాటిలో బతుక్కి పనికొచ్చినవి నిలవడం, ఈ రెండూ చాలు, ఇంకేమీ అక్కర్లేదని మీరంటున్నారు. ఆ "చాలు" అన్నదానికి ఆధారం చూపించండి.

పరిణామవాది: పూర్వీకుల సంగతి ఒప్పుకున్నారు కాబట్టి చాలా దూరం కలిసే నడవొచ్చు. సి విటమిన్ తయారీలో చివరి మెట్టుకు కావలసిన జన్యువు మనలో ఉంది, కానీ చచ్చుబడి ఉంది. చింపాంజీలోనూ అదే జన్యువు, చాలావరకు అవే దెబ్బలతో చచ్చుబడి ఉంది. గినీ పందిలోనూ పోయింది గానీ వేరే విధంగా పోయింది. ఒకే ఇంటివాళ్ళం కాకపోతే ఒకే దెబ్బలు ఎలా వస్తాయి? అయితే ఇది వంశానికి సాక్ష్యమే తప్ప మీరడిగిన "చాలు"కి సాక్ష్యం కాదు. అందుకని మీ బలమైన ఉదాహరణతోనే మొదలుపెట్టండి.

సంకల్పవాది: బాక్టీరియా కశాభం. కంటికి కనిపించని జీవికి తోకలాంటి పోగు ఒకటి ఉంటుంది. దాని మొదట్లో, కణత్వచంలో, ఒక మోటారు కూర్చుని ఉంటుంది. ప్రోటాన్లు లోపలికి ప్రవహిస్తుంటే అది తిరుగుతుంది, అవసరమైతే దిశ మార్చుకుంటుంది. కట్టడానికి కొన్ని పదుల రకాల ప్రోటీన్లు కావాలి. వాటిలో కీలకమైనది ఏది తీసేసినా తోక తిరగదు. 1996లో జీవరసాయన శాస్త్రవేత్త మైఖేల్ బీహీ దీన్నే విడదీయరాని సంక్లిష్టత అన్నాడు. ప్రకృతి వరణానికి ముందుచూపు లేదు; ఇవాళ పనికొచ్చేదాన్నే అది కాపాడుతుంది. సగం మోటారు ఈదదు. మరి ఆ సగాన్ని అది ఎందుకు కాపాడింది? ఈ పరీక్ష నేను పెట్టింది కూడా కాదు. చిన్న చిన్న మార్పుల వరసతో రాలేని అవయవం ఒక్కటి చూపినా తన సిద్ధాంతం కూలిపోతుందని 1859లో డార్వినే రాసుకున్నాడు.

పరిణామవాది: సగం మోటారు ఈదదు, నిజమే. ఈదకపోయినంత మాత్రాన ఏ పనీ చేయదని కాదు. ప్లేగు బాక్టీరియాకు ఒక సూది ఉంది. దానితో మన కణాల్లోకి విషపు ప్రోటీన్లు ఎక్కిస్తుంది. ఆ సూది అడుగుభాగమూ కశాభం అడుగుభాగమూ ఒకే కుటుంబపు ప్రోటీన్లతో కట్టినవి. విడదీయరాదన్న యంత్రంలోని ముక్క విడిగా ఉండి, వేరే పని చేసుకుంటోంది.

సంకల్పవాది: ఆ సూది కశాభం నుంచే తర్వాతి కాలంలో వచ్చిందని మీ పరిశోధకులే జన్యువులు పోల్చి చెబుతున్నారు. పెద్ద యంత్రం నుంచి ఊడిన ముక్కను చూపించి, యంత్రం ఇలా మొదలైందంటే ఎలా?

పరిణామవాది: ఒప్పుకుంటాను. సూదిని కశాభానికి తాతగా చెప్పినవాళ్ళు తొందరపడ్డారు. భాగాలు తీసేస్తే మిగిలింది పనికిరాదన్న నియమం నిలవదని మాత్రమే దానివల్ల తేలుతుంది. కశాభం పుట్టుకను అడుగడుగునా చెప్పడం ఇవాళ నావల్ల కాదు. కాబట్టి అడుగులు లెక్కపెట్టగలిగిన యంత్రాన్ని చూపిస్తాను. కణం లోపలి అరలను ఆమ్లంగా ఉంచడానికి ఒక పంపు ఉంటుంది. దాని నడుమ ముక్కలతో కూడిన ఒక చక్రం. జంతువుల్లో ఆ చక్రానికి రెండు రకాల ముక్కలు చాలు. ఈస్టులాంటి శిలీంధ్రాల్లో మూడు రకాలు కావాలి. మూడింటిలో ఏది లేకపోయినా పంపు ఆగిపోతుంది. బీహీ నిర్వచనానికి ఇది అక్షరాలా సరిపోతుంది. జో థార్న్‌టన్ బృందం ఏం చేసిందంటే, నేటి జీవుల జన్యువులను పోల్చి, కోట్ల ఏళ్ళ కిందటి పూర్వీకుల ప్రోటీన్ ఎలా ఉండేదో లెక్కగట్టి, ఆ జన్యువును ప్రయోగశాలలో తయారుచేసి, ఇప్పటి ఈస్టులో పెట్టింది. పంపు నడిచింది. ఇప్పుడు రెండు ప్రోటీన్లు పంచుకున్న పనిని ఆ పాత ప్రోటీన్ ఒక్కటే చేసింది. జరిగిందేమిటంటే, ఆ జన్యువు ఒకసారి రెండుగా నకలైంది. తర్వాత ఒక్కో నకలు ఒక్కో చోట అతుక్కునే శక్తిని పోగొట్టుకుంది. కొద్దిపాటి మార్పులతో ఆ నష్టాన్ని మళ్ళీ కలిగించి చూపించారు కూడా. ఇక రెండూ ఉంటే తప్ప చక్రం పూర్తికాదు. 2012లో అచ్చయిన పని ఇది. హెర్మన్ ముల్లర్ 1918 నాటికే దీని సారం చెప్పాడు: మొదట "ఉంటే మంచిది" అన్నట్టు వచ్చిన భాగం, మిగతావి దానికి అలవాటుపడ్డాక, లేకపోతే గడవనిదవుతుంది. విడదీయరానితనం ఇవాళ్టి స్థితి. అది పుట్టుక గురించి ఏమీ చెప్పదు.

సంకల్పవాది: ఇది మంచి ప్రయోగం. ఇకమీదట "విడదీయలేం కాబట్టి పరిణమించలేదు" అని ఆ ఒక్క ముక్కతో వాదం ముగించను. కానీ మీ కథలో ఏం జరిగిందో మళ్ళీ వినండి. రెండు రకాలు చేస్తున్న పనినే మూడు రకాలు చేస్తున్నాయి. కొత్త పని రాలేదు. రెండు నకళ్ళూ ఉన్న శక్తిలో కొంత పోగొట్టుకున్నాయి. నాకు కనిపించేదంతా ఇదే ధోరణి. 1988లో రిచర్డ్ లెన్‌స్కీ పన్నెండు సీసాల్లో ఈ.కోలై బాక్టీరియాను పెంచడం మొదలుపెట్టాడు. ఇప్పటికి 75,000 తరాలు దాటాయి. వాటికి లాభించిన మార్పుల్లో చాలావరకు ఏమిటి? అక్కర్లేని జన్యువును పాడుచేసుకోవడం. రైబోజ్ చక్కెరను వాడుకునే శక్తిని పన్నెండు వంశాలూ వదిలేసుకున్నాయి. మీరు గర్వంగా చెప్పే సంగతి, సిట్రేట్‌ను తిండిగా వాడుకునే శక్తి రావడం, ఒక్క సీసాలోనే, 31,500 తరాల దగ్గర జరిగింది. అక్కడా కొత్త జన్యువు పుట్టలేదు. ఉన్నదే నకలై, వేరే స్విచ్చి పక్కన పడింది.

పరిణామవాది: మీరు చెప్పిన వివరాలన్నీ నిజం. పారేయడం తేలిక, కాబట్టి తొందరగా లాభం కావలసిన చోట పారేయడమే ఎక్కువగా జరుగుతుంది. ఈ విషయం మావాళ్ళు పాఠాల్లో తగినంతగా చెప్పరు. అయితే సిట్రేట్ సీసాలో మరో విశేషం ఉంది. పాత తరాలను గడ్డకట్టించి దాచారు కదా, వాటిని కరిగించి మళ్ళీ మళ్ళీ నడిపించారు. మొదటి తరాల నుంచి బయల్దేరినవాటికి ఆ శక్తి రాలేదు. 20,000 తరాలు దాటినవాటికే అప్పుడప్పుడూ వచ్చింది. అంటే సిట్రేట్‌తో సంబంధం లేకుండా జరిగిన మార్పేదో ముందే నేలను దున్నిపెట్టింది. మీరు అసాధ్యమంటున్న మెట్ల వరస అదే.

ఇక కొత్త పని. అంటార్కిటికా సముద్రం సున్నాకు దాదాపు రెండు డిగ్రీల దిగువన ఉంటుంది. మామూలు చేప నెత్తురు అక్కడ గడ్డకట్టిపోతుంది. నోటోథెనాయిడ్ చేపల నెత్తుట్లో ఒక ప్రోటీన్ ఉంది. మంచు పలుకులకు అతుక్కుని వాటిని పెరగనివ్వదు. ఆ ప్రోటీన్ జన్యువు ఎక్కడిదో 1997లో తేలింది. తిండి అరిగించే ట్రిప్సినోజెన్ అనే ఎంజైము జన్యువు నుంచి వచ్చింది. అందులో తొమ్మిది అక్షరాల చిన్న ముక్క మళ్ళీ మళ్ళీ నకలై, అరుగుదలతో ఏ సంబంధమూ లేని కొత్త ప్రోటీన్‌గా మారింది. సగం పాత ఎంజైము, సగం కొత్త ప్రోటీన్ కలిసి ఉన్న మధ్య దశ జన్యువు కూడా ఆ జాతి చేపల్లోనే తర్వాత దొరికింది.

సంకల్పవాది: చేప సంగతి మీకే వదిలేస్తాను. అది కొత్త పనే. చిన్న మెట్లు ఎక్కగలదని చూపించారు. మరి మెట్ల సంఖ్య? మలేరియా క్రిమిని తీసుకుందాం. జబ్బుపడ్డ ఒక్క మనిషి ఒంట్లోనే లక్షల కోట్ల క్రిములుండవచ్చు. దానికి మందుగా క్లోరోక్విన్ 1940ల చివర వాడకంలోకి వచ్చింది. 1950ల చివరికి గాని దాన్ని తట్టుకునే క్రిమి కనిపించలేదు; అదీ ప్రపంచంలో కొద్ది చోట్లే పుట్టి, అక్కణ్ణుంచి పాకింది. అన్ని క్రిములుండీ ఒకే ప్రోటీన్‌లో కొన్ని మార్పులకు అంత కష్టమైతే, ఏనుగో తిమింగలమో ఎంత? వాటి సంఖ్య ఎంత, తరాలు ఎన్ని? బీహీ 2007లో అడిగిన ఈ ప్రశ్న తేలిగ్గా తోసేయాల్సింది కాదు.

పరిణామవాది: తోసేయను. అయితే ఆ లెక్కలో రెండు లోపాలున్నాయి. మార్పులన్నీ ఒకే దెబ్బకు కలిసి రావాలని అది అనుకుంటుంది. క్లోరోక్విన్ విషయంలో కొన్ని మార్పులు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయని, దారులు కూడా ఒకటికన్నా ఎక్కువేనని తర్వాతి ప్రయోగాలు చూపించాయి. రెండోది ఇంకా ముఖ్యం. జరిగిపోయినదాన్ని చూసి, "సరిగ్గా ఇదే జరగడానికి అవకాశమెంత" అంటే సంఖ్య ఎప్పుడూ చిన్నదే వస్తుంది. తిమింగలం ప్రకృతి పెట్టుకున్న గమ్యం కాదు. వెళ్ళగలిగిన దారులు ఎన్నో. వాటిలో ఒకటి తిమింగలం దగ్గర తేలింది.

సంకల్పవాది: గమ్యం లేదన్నది మీ ముగింపు. దాన్నే లెక్కలో ముందు పెట్టుబడిగా పెడుతున్నారు.

పరిణామవాది: గమ్యం ఉందన్నదీ మీ లెక్కలో పెట్టుబడే. అందుకే ఈ సంఖ్యల పోరు మీద నాకు నమ్మకం తక్కువ. దారులన్నిటినీ ఎవరూ లెక్కపెట్టలేదు.

సంకల్పవాది: సరే. మరి మీ పక్షం ఇష్టంగా చెప్పే వాదం ఒకటుంది. మన కంటి రెటీనా తిరగేసి ఉంది, వెలుతురు నరాల పొరలు దాటి వెళ్ళాలి, అంధబిందువు మిగిలింది, ఆక్టోపస్ కన్ను ఇంతకన్నా మేలు. తెలివైనవాడెవడైనా ఇలా చేస్తాడా అంటారు. ఆ పొరల్లోని ముల్లర్ కణాలు వెలుతురును దారాల్లా లోపలికి మోసుకెళ్తాయని 2007లో తేలింది. చెత్త పనితనమన్నది అంత చెత్త కాదు.

పరిణామవాది: ఆ వాదాన్ని నేను వాడను. సృష్టికర్త ఉంటే ఇలా చేసేవాడు, అలా చేసేవాడు కాదు అనడానికి నేనెవరిని? అది మతవాదమే, నాస్తికుడి నోట వచ్చినా. జిరాఫీ మెడలో స్వరపేటికకు వెళ్ళే నరం మెదడు నుంచి గుండె దాకా దిగి, అక్కడి ధమనిని చుట్టి, మళ్ళీ పైకెక్కుతుంది. అది మంచిదా చెడ్డదా అన్నది కాదు నా మాట. చేపల ఒంట్లో ఆ దారి తిన్ననిది. మెడ సాగినకొద్దీ నరం కూడా సాగింది. ఆ వంకరలో చరిత్ర ఉంది. చరిత్ర ఉన్నచోట చరిత్రే చదువుతాను.

సంకల్పవాది: చరిత్ర ఉన్నంత మాత్రాన ఆలోచన లేనట్టు కాదు. ఈ వాదం నేను అమెరికా చర్చిల నుంచి అరువు తెచ్చుకున్నదీ కాదు. విలియం పేలీ 1802లో, బీడులో దొరికిన గడియారానికి చేసినవాడు ఉండాలి కదా అని రాశాడు. దానికి ఎనిమిది వందల ఏళ్ళ ముందే ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈ ప్రశ్న వేశాడు. కుండ కార్యం, దానికి కుమ్మరి ఉన్నాడు. మొలకా, దేహమూ కార్యాలే, భాగాలు కూడి ఏర్పడ్డవే. తెలిసి చేసినవాడు లేకుండా కార్యం ఎక్కడ చూశారు?

పరిణామవాది: ఉదయనుణ్ణి పిలిచారు కాబట్టి, అతనికి మూడు వందల ఏళ్ళ ముందటి ధర్మకీర్తిని నేను పిలుస్తాను. ప్రమాణవార్తికంలో ఆ బౌద్ధుడి జవాబు సూటిగా ఉంటుంది. కుండ మట్టితో అయింది, పుట్టా మట్టితోనే అయింది. మట్టి రూపం మారిందన్న ఒక్క పోలికతో కర్తను నిరూపించవచ్చంటే, పుట్టను కూడా కుమ్మరే చేశాడని నిరూపించవచ్చు. కుండకు కుమ్మరి ఉన్నాడని మనకెలా తెలుసు? కుమ్మరులు కుండలు చేయడం చూశాం కాబట్టి. జీవకణాలు చేసే కర్తను ఎవరు చూశారు? బౌద్ధులే కాదు, వేదాన్ని ప్రాణంగా చూసుకున్న కుమారిల భట్టు కూడా సృష్టికర్త వాదాన్ని ఒప్పుకోలేదు. ఈ నేల మీద ఇది ఆస్తికుడికీ నాస్తికుడికీ మధ్య తగాదాగా ఎప్పుడూ లేదు. ఏ అనుమానం సరైనది, ఏది కాదు అన్న తగాదా.

సంకల్పవాది: పుట్ట ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతుంది. కుమ్మరి కట్టకపోవచ్చు, చెదపురుగులు కట్టాయి. గాలి ఆడే దారులతో సహా కట్టాయి. కట్టే జ్ఞానం వాటి జన్యువుల్లో ఉంది. పుట్ట తనంతట తానే లేచిందంటే మీరే ఒప్పుకోరు.

పరిణామవాది: పుట్ట నమూనా ఏ చెదపురుగులోనూ లేదు. 1959లో పియేర్ పాల్ గ్రాసే చెప్పింది అదే. ఒక పురుగు మట్టి ఉండ పెడుతుంది. ఆ ఉండే మరో పురుగును అక్కడ ఇంకో ఉండ పెట్టేలా ప్రేరేపిస్తుంది. స్తంభం, కమాను, గది, ఏవీ ఎవరి మనసులోనూ లేవు. చిన్న నియమాలు, లక్షల సార్లు.

సంకల్పవాది: ఆ నియమాలున్నాయి కదా! మట్టి మట్టికి అతుక్కోవడం, పురుగు వాసనకు స్పందించడం, భౌతిక నియమాలు ఇంత పొందికగా ఉండటం, ఇవన్నీ ఎక్కడివి?

పరిణామవాది: ఇక్కడ మీరు ఒకటి ఎంచుకోవాలి. నియమాలనే సంకల్పించినవాడు ఒకడున్నాడంటే, నాకూ మీకూ జీవశాస్త్రంలో తగువే లేదు. డార్విన్‌కు అమెరికాలో అండగా నిలిచిన ఏసా గ్రే అలాగే నమ్మాడు. పరిణామం లేకుండా జీవశాస్త్రంలో దేనికీ అర్థం లేదని 1973లో రాసిన డోబ్జాన్‌స్కీ క్రైస్తవ విశ్వాసి. అలా కాదు, ఆ కర్త మధ్యలో చేయి పెట్టాడంటే, ఎక్కడ పెట్టాడో చెప్పాలి. ఒకచోట ఓడినప్పుడల్లా రెండో చోటికి జరగకూడదు.

సంకల్పవాది: న్యాయమైన మాటే. ఎంచుకుంటాను. మొదటి కణం దగ్గర. కశాభాన్నీ రెటీనానూ మీకే వదిలేసినా ఇక్కడి నుంచి కదలను. డీఎన్‌ఏలోని సందేశాన్ని చదివే యంత్రాలు ఆ సందేశంలోనే రాసి ఉన్నాయి. చదివేది లేకుండా సందేశం లేదు, సందేశం లేకుండా చదివేది లేదు. ఇక్కడ ప్రకృతి వరణం మీకు సాయం రాదు. తన నకలు తాను తీసుకునేది ముందే ఉంటే తప్ప అది మొదలే కాదు. స్టాన్లీ మిల్లర్ 1953లో గాజు కుప్పెలో అమైనో ఆమ్లాలు పుట్టించాడు. ఏడు దశాబ్దాలు దాటింది. అమైనో ఆమ్లాల నుంచి కణం దాకా ఉన్న దూరం అలాగే ఉంది.

పరిణామవాది: అలాగే లేదు, తగ్గింది, కానీ చాలా మిగిలే ఉంది. ఇది మీ పక్షపు అతి బలమైన చోటు, నేను దాచను. సందేశం, చదివేది అన్న ఆ వలయం గురించి ఒక్క విషయం. సందేశాన్ని ప్రోటీన్‌గా మార్చేది రైబోజోమ్. 2000 ప్రాంతంలో దాని నిర్మాణం అణువణువునా తేలింది. ఆ పనికే మన చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్, మరో ఇద్దరితో కలిసి 2009లో నోబెల్ పంచుకున్నారు. అమైనో ఆమ్లాలను కలిపే నడిబొడ్డున ఉన్నది ప్రోటీన్ కాదు, ఆర్‌ఎన్‌ఏ. సందేశం మోసేదీ, పని చేసేదీ ఒకే పదార్థంగా ఉన్న కాలం ఒకటి ఉండేదనడానికి అంతకన్నా గట్టి గుర్తు ఏముంటుంది? మీ వలయంలో ఒక చీలిక అక్కడుంది. మొదటి నకలు ఎలా మొదలైందంటే, తెలియదనే అంటాను.

సంకల్పవాది: మీ "తెలియదు"లో ఒక షరతు దాగుంది. ఏ జవాబైనా రావచ్చు, సంకల్పం తప్ప. అది అన్వేషణ కాదు, ముందే మూసిన తలుపు.

పరిణామవాది: తలుపు మూయలేదు. లోపలికి రావడానికి రుసుము ఒకటుంది, అది అందరూ కట్టాల్సిందే. ఏది జరిగితే మీ మాట తప్పవుతుందో ముందే చెప్పండి. నాది చెబుతాను. కుందేళ్ళు పుట్టక ఎంతో ముందటి కేంబ్రియన్ శిలల్లో కుందేలు ఎముక దొరికితే, లేదా ఒక జాతిలో కేవలం మరో జాతి మేలు కోసమే ఏర్పడ్డ అవయవం ఉందని తేలితే, నా సిద్ధాంతం కూలుతుంది. ఆ రెండోది డార్విన్ స్వయంగా పెట్టిన పందెం.

సంకల్పవాది: కడతాను. సాదా రసాయనాల నుంచి, తన నకలు తాను తీసుకుంటూ తరతరానికీ మెరుగయ్యే అణువు, రసాయన శాస్త్రవేత్త అడుగడుగునా చేయి పెట్టకుండా పుడితే, మొదటి కణం మీద నా వాదం విరమిస్తాను. చేయి పెట్టకుండా అన్నది గుర్తుంచుకోండి. ఇప్పటిదాకా జరిగిన ప్రతి ప్రయోగంలో శుద్ధి చేసిన పదార్థాలూ, సరైన సమయంలో సరైన చర్యను ఆపిన తెలివీ ఉన్నాయి.

పరిణామవాది: ఆ షరతు కఠినమే, కానీ న్యాయమైనదే. ఇప్పుడు నేనొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. సంకల్పం ఉందంటే, ఏమి సంకల్పించినట్టు? హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారుతుంది. ఆ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి నుంచి వస్తే, ప్రాణాంతక మలేరియా నుంచి బిడ్డకు రక్షణ. ఇద్దరి నుంచీ వస్తే ఎర్రకణాలు కొడవళ్ళలా వంగి, నొప్పులతో, ఉబ్బిన కాళ్ళూచేతులతో బాల్యమంతా గడుస్తుంది. 1949లో జె.బి.ఎస్. హాల్డేన్ నెత్తుటి జబ్బులకూ మలేరియాకూ ఉన్న ముడిని ఊహించాడు. ఆ ఊహ కొడవలి కణం విషయంలో నిజమని 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో చూపించాడు. అదిలాబాద్‌లో, పాడేరులో, మలేరియా కమ్ముకున్న మన్యంలోనే సికిల్ సెల్ ఎక్కువగా ఎందుకుందో ప్రకృతి వరణం చెబుతుంది. కొందరిని కాపాడటానికి మరికొందరు పిల్లలు చెల్లించే ధర అది. లెక్క సరిపోయింది, దయ లేదు. మీ కర్తకు ఈ లెక్కలో చోటెక్కడ?

సంకల్పవాది: రెటీనా దగ్గర మీరే అన్నారు, కర్త ఎలా చేయాలో చెప్పడానికి నేనెవరినని. ఇప్పుడు మీరే చెబుతున్నారు. ఇంకొకటి. ఇదీ పాడుచేసి కాపాడుకున్న మార్పే. నా ధోరణికి మరో సాక్ష్యం.

పరిణామవాది: మొదటి దెబ్బ తగిలింది. అది జీవశాస్త్రం కాదు, నా బాధ. బాధను వాదంగా పెట్టకూడదు. కానీ మలేరియా ఉన్నచోటే ఇది ఉండటం మాత్రం జీవశాస్త్రమే.

సంకల్పవాది: బాధ దగ్గరే ఉందాం, అక్కడే అసలు విషయం ఉంది. మన్యంలో ఆ బిడ్డ తల్లికి మీరేం చెబుతారు? గుడ్డి లెక్కలో నీ బిడ్డ వంతు వచ్చిందనా?

పరిణామవాది: ఇది పాపం కాదు, శాపం కాదు, ఎవరి దిష్టీ కాదని చెబుతాను. ఈ జన్యువే ఒకప్పుడు నీ తాతముత్తాతలను బతికించిందని చెబుతాను. పెళ్ళికి ముందు ఇద్దరూ నెత్తురు పరీక్ష చేయించుకుంటే, పుట్టబోయే బిడ్డకు నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉందో లేదో ముందే తెలుస్తుందని, హైడ్రాక్సీయూరియా మందు ఉందని చెబుతాను. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం నడిచేది ఈ జ్ఞానం మీదే. హాల్డేన్ మన దేశ పౌరుడై 1964లో పోయాక, అతను కోరినట్టే దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. దేవుణ్ణి నమ్మని మనిషి ఇచ్చిన దానం అది.

సంకల్పవాది: ఆ దానానికి నేనూ తలవంచుతాను. కానీ ఆ తల్లి మీద దయ చూపాలని హాల్డేన్‌కు ఎవరు చెప్పారు? ప్రకృతి వరణం చెప్పలేదు. అది చెప్పేది బలహీనుడు రాలిపోతాడని.

పరిణామవాది: అది ఎలా జరిగిందో చెబుతుంది, ఎలా ఉండాలో చెప్పదు. ఈ రెంటినీ కలిపి, అక్కర్లేని మనుషులంటూ జాబితాలు రాసినవాళ్ళు ఇరవయ్యో శతాబ్దంలో ఘోరాలు చేశారు. వాళ్ళలో కొందరు పేరున్న జీవశాస్త్రవేత్తలు. అది మా ఇంటి మచ్చ.

సంకల్పవాది: మరి బుద్ధి మాటేమిటి? బతకడానికి పనికొచ్చేదే నిలిస్తే, మీ మెదడు నిలిచింది నిజం తెలుసుకున్నందుకు కాదు, పులి నుంచి తప్పించుకున్నందుకు. డార్విన్‌తో పాటు ప్రకృతి వరణాన్ని కనుగొన్న వాలెస్ 1869లో ఇక్కడే ఆగిపోయాడు. కోతి మనసు నుంచి వచ్చిన మనసు తేల్చిన నమ్మకాలకు విలువెంత అని డార్విన్ కూడా 1881లో ఒక ఉత్తరంలో మథనపడ్డాడు. ఆ బుద్ధితోనే మీరు ఈ సిద్ధాంతం కట్టారు.

పరిణామవాది: పులి ఎక్కడుందో తప్పుగా తెలిసినవాడు బతకడు, అక్కడిదాకా నిజానికీ బతుకుకీ పొత్తు ఉంది. అది దాటాక నా బుద్ధిని నేనూ పూర్తిగా నమ్మను. అందుకే కొలతలు, లెక్కలు, ఎవరి పనినైనా ఇంకొకరు పరీక్షించే పద్ధతి.

సంకల్పవాది: పరీక్షించేవాళ్ళ బుద్ధి కూడా అక్కడిదే కదా. పులికోసం తయారైన మెదడుకు గ్రహణాల గణితం ఎందుకు లొంగింది?

పరిణామవాది: దానికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. మీ దగ్గర ఉందని మీరనుకుంటున్నారు. నాకది ప్రశ్నకు పెట్టిన పేరులా వినిపిస్తోంది.

సంకల్పవాది: అలా వినిపిస్తే వినిపించనివ్వండి. చేయగలిగిన పని ఒకటుంది, దాని గురించి చెప్పండి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేశారు. మీవాళ్ళు 1,800 మందికి పైగా సంతకాలు పెట్టి అభ్యంతరం చెప్పారు. నేనైనా పెట్టేవాణ్ణే. చదవనిదాన్ని పిల్లలు ప్రశ్నించలేరు. కానీ పాఠం తిరిగి వచ్చేటప్పుడు, మొదటి కణం దగ్గర "ఇది మాకింకా తెలియదు" అని అచ్చువేస్తారా?

పరిణామవాది: వేస్తాం, వేయాలి. రైబోజోమ్ గురించి, మీరు పెట్టిన షరతు గురించి కూడా రాయాలి.

సంకల్పవాది: దాని కింద "సంకల్పం ఉండవచ్చు" అని?

పరిణామవాది: తత్వశాస్త్రం పుస్తకంలో, ఉదయనుడు ధర్మకీర్తుల పక్కన, తప్పకుండా. సైన్సు పుస్తకంలో మాత్రం, ఆ సంకల్పం ఏది జరగనివ్వదో మీరు చెప్పినరోజున. 2005లో అమెరికాలో, బడిలో సంకల్పవాదం చెప్పడం మీద నడిచిన డోవర్ కేసులో వచ్చిందీ ఆ ప్రశ్నే. మీ పక్షం కోర్టును ఒప్పించలేకపోయింది.

సంకల్పవాది: నేను ఇందాక షరతు చెప్పాను. డోవర్‌లో ఎవరూ ఒప్పించలేకపోతే ఆ బాధ్యత నాది కాదు. నా షరతును పరీక్షించండి, ఆ పరీక్ష తేలేదాకా రెండు జవాబులనూ ఒకే అర మీద ఉంచండి.

పరిణామవాది: పరీక్షిస్తాం. ఒకే అర మీద మాత్రం ఉంచను.